బిలాసపురపు అడవులలో ఎలుగుబంటి

బిలాసపురమనగానే తెలుగువారికి ముందుగా స్మరణకు వచ్చునది రైలు. కళింగాంధ్ర గ్రామములనుండి పలు కుటుంబములవారు బంగాళ-నాగపూర్ రైల్వే దినములలోనే ఆ పట్టణమునకు ఉద్యోగమునకై పోయి, రైల్వే కాలనీలలో తెలుగు మాటను, తెలుగు పండుగను నిలుపుకొని తరతరములుగా అచటనే స్థిరపడిరి. అర్పా నది యొడ్డునగల ఆ యూరు 2003 ఏప్రిలునుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానము. అయినను స్టేషను విడిచి కట్నీ దిక్కునకు బండి సాగినచో కొలది సేపటికే దృశ్యము మారిపోవును. కర్గీ రోడ్డు, బెల్గహనా, ఖోంగ్‌సరా దాటి, భన్వర్‌టోంక్ వద్ద సొరంగము వెడలి, పెండ్రా రోడ్డు చేరునప్పటికి ఇరుప్రక్కల సాలవృక్షములు, ఇప్పచెట్లు, బండరాళ్ళు పేర్చినట్లున్న గుట్టలు కానవచ్చును. ఆ గుట్టలలో వసించు ఎలుగుబంటికిని, ఆ చెట్ల క్రింద బ్రతుకు తెరువు వెదకికొను మనుష్యునికిని నడుమ బహుకాలముగా సాగుచున్న సంఘర్షణకు ఒక చరిత్ర కలదు.

ఆ చరిత్రను వేటకాండ్రు తమ గ్రంథములలో ఒక విధముగ వ్రాసిరి. ప్రభుత్వములు తమ లెక్కలలో మఱొక విధముగ వ్రాసినవి. గాయపడినవారు ఎవరు, ఏ వేళ, ఏ పనికై ఆ చోటికి పోయిరి అను ప్రశ్న మాత్రము చాలకాలము ఎవరికిని తోచలేదు. ఆ ప్రశ్న వేసికొన్నప్పుడే ఇది క్రూరమృగపు కథగా కాక, రెండు ప్రాణుల ఆకలి ఒకే చెట్టు క్రింద కలిసికొన్న కథగా కనబడును.

ముందుగా ఆ జంతువును గుర్తెఱుంగవలెను. తెలుగున దీనికి ఎలుగు, ఎలుగుబంటి అని పేర్లు. తెలంగాణ పల్లెలలో గుడ్డేలుగు అందురు. సంస్కృతమున భల్లూకము, ఋక్షము. హిందీలోను, ఛత్తీస్‌గఢీలోను భాలూ. 1894లో వెలువడిన తన అడవికథల పుస్తకములో రడ్యార్డ్ కిప్లింగు ముసలి గురువైన ఎలుగుబంటికి పెట్టిన పేరు ఈ మాటయే. ఆ కథలకు రంగస్థలమైన సివనీ అడవులు మైకల్ పర్వతపంక్తికి పడమటనున్నవి. బిలాసపురపు అడవులు తూర్పుననున్నవి. కథలోని భాలూ శాంతమూర్తి. కొండకు ఈవలి ప్రజలెఱిగిన భాలూ స్వభావము వేఱు.

ఐరోపా పండితులు మొదట దీనిని పోల్చుకొనలేకపోయిరి. 1791లో జార్జి షా అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు దీని పొడవైన వంకరగోళ్ళను, పైదవుడ ముందుపండ్ల కొఱతను చూచి, అమెరికా ఖండపు అడవులలో కొమ్మలకు వ్రేలాడు స్లాత్ అను మందగమన జంతువు జాతిలో చేర్చెను. పొరపాటు త్వరలోనే బయటపడినది గాని పేరు నిలిచిపోయి, ఇంగ్లీషున నేటికిని ఇది స్లాత్ బేర్ అనియే పిలువబడుచున్నది. సోమరితనమును సూచించు ఆ పేరు దీనికి ఎంతమాత్రము తగదు. ఇది పరుగులో మనుష్యుని మించును; చెట్టెక్కగలదు.

షా పండితుని భ్రమింపజేసిన ఆ పండ్ల లోపమే దీని జీవనమునకు ఆధారము. పైదవుడ నడుమ రెండు ముందుపండ్లు ఉండవు. గోళ్ళతో చెదపుట్టను పగులద్రవ్వి, మూతి లోనికి చొప్పించి, ముందు దుమ్మును ఊదివైచి, పిమ్మట ఆ సందుగుండ చెదలను పీల్చును. ఆ పీల్పు చప్పుడు నూఱు మీటర్లకు పైబడిన దూరమునకు వినవచ్చును. చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, మేడి, తునికి, రేలకాయలు దీని ఆహారము. మాంసమునకై వేటాడుట దీని స్వభావము కాదు. ఎదిగిన మగది 80 నుండి 140 కిలోగ్రాముల వరకు తూగును. చలికాలమున గుహలో ఈని, పిల్లలు కొంత బలపడినపిమ్మట తల్లి వానిని వీపుపై మోసికొని తిరుగును. పిల్లలు రెండేండ్లకు అటునిటుగా తల్లిని విడువవు.

వాసన పట్టుటలో ఇది మిక్కిలి నేర్పరి. చూపు, వినికిడి మాత్రము మందము. చెదలను పీల్చుటలో మునిగియున్న ఎలుగు మనుష్యుడు దగ్గఱకు వచ్చువరకు గుర్తింపలేదు. గుర్తించిన క్షణమున అతడు పదియడుగుల దూరములో నుండును. పులితో ఒకే అడవిని పంచుకొని బ్రతికిన ఈ జాతి, పారిపోవుటకంటె తిరుగబడుటయే మేలని యుగయుగములుగా నేర్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. వెనుకకాళ్ళపై లేచి, ముంగాళ్ళ గోళ్ళతో తలను, ముఖమును కొట్టును. పట్టినచో తేలికగా విడువదు. మన భాషలో భల్లూకపు పట్టు అను నుడి ఊరక పుట్టినది కాదు. తినుటకై చంపదు గనుకనే దాని బారినబడినవారిలో అధికులు బ్రతుకుదురు. ఆ బ్రతుకు ఎట్టిదో ముందు తెలియగలదు.

ఇక అడవి చరిత్ర. రతనపురము రాజధానిగా హైహయులును, వారి తరువాత నాగపురపు భోంసలేలును ఏలిన ఈ సీమ ఆంగ్లేయుల వశమై, 1861లో మధ్య పరగణాలు ఏర్పడినప్పుడు వానిలో భాగమైనది. ఉత్తరమున పెండ్రా, కేందా, లాఫా, మాతిన్, ఉప్రోడా మొదలగు జమీందారీలు. గోండులు, కన్వరులు, బైగాలు అచటి ప్రజలు. గ్రామపు ఎల్లలకు మంత్రబంధము చేసి క్రూరమృగములను ఆవల నిలుపుట బైగా పూజారి పని. ఆ బంధము పనిచేసినను చేయకున్నను, అడవికిని ఊరికిని నడుమ ఒక ఎల్ల కలదను భావన ఆ కర్మలో ఉన్నది. ఎవరి వేళ ఎవరిది, ఎవరి త్రోవ ఎవరిది అను ఎఱుక దానిని అనుసరించి వచ్చినది.

ఆ ఎల్లను కదల్చిన శక్తులలో మొదటిది రైలు. 1882 నాటికి నాగపురమునుండి రాజనందగ్రామము వరకు చిన్నదారి బండి వచ్చినది. అంతవరకు ఛత్తీస్‌గఢ్ ధాన్యము బంజారాల ఎద్దులమీద పొరుగు సీమలకు పోవుచుండెను. 1887లో బంగాళ-నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడి ఆ దారిని తీసికొని, వెడల్పుచేసి, 1891లో బిలాసపురము మీదుగా ఆసన్‌సోల్ వరకు కలిపినది. పెండ్రా మీదుగా ఉత్తరమునకు పోవు శాఖయు ఆ దశాబ్దముననే నడచినది. చిన్న యూరుగానున్న బిలాసపురము జంక్షనై, కార్యశాలలతో, లోకోషెడ్డుతో, ఉద్యోగుల ఇండ్ల వరుసలతో పట్టణమైనది. 1931లో పార్వతీపురము-రాయపురముల నడుమ దారి పూర్తియై విజయనగరమునుండి నేరుగ రాయపురమునకు బండి నడచుటతో తెలుగువారి రాకపోకలు మఱింత సుగమమైనవి.

రైలుదారికి మైలొక్కింటికి సుమారు 2,000 స్లీపరు దుంగలు కావలెను. అవి ఎండకు, వానకు, చెదలకు ఓర్చునవై యుండవలెను. కొన్ని యేండ్లకొకమారు మార్చవలెను. అట్టి గుణములు గల కలప సాలవృక్షమునది. రైలు అడవినుండి వచ్చిన కలపపై నడచి, ఆ అడవిలోని తక్కిన కలపను బయటి బజారులకు చేర్చినది. 1878 నాటి అటవీ చట్టముతో మంచి అడవులు ప్రభుత్వపు రిజర్వులైనవి. రిజర్వుకు వెలుపల మిగిలిన తుంటరి అడవులు, పొలములు, గుట్టలు కలిసిన భూమిలో జనము పెరిగినది. స్వాతంత్ర్యానంతరము 1950 నాటి చట్టముతో మధ్యప్రదేశమున జమీందారీలు రద్దయినవి. కోర్బాలో బొగ్గుగనులు, విద్యుత్కేంద్రములు వెలసినవి. ఉత్తర బిలాసపుర అడవి ఒకే పచ్చని దుప్పటిగా నిలువలేక ముక్కలుముక్కలై, ఒక్కొక్క ముక్క చుట్టును పల్లెలు చేరినవి. పులి అట్టి ముక్కలలో నిలువలేదు. చెదలును, పండ్లును, దాగుటకొక బండయు ఉన్న చాలు ఎలుగు నిలువగలదు. ఈ విధముగా పెద్ద అడవి పోయినచోట ఎలుగు మిగిలి, మనుష్యునికి పొరుగువాడైనది.

ఆనాటి పాలకులు దీనిని ఏ దృష్టితో చూచిరి? మధ్య పరగణాల అటవీశాఖలో పనిచేసిన కెప్టెన్ జేమ్స్ ఫార్సైత్ తన పర్యటనలను వర్ణించి వ్రాసిన గ్రంథము అతని మరణానంతరము 1871లో వెలువడి వేటకాండ్రకు ప్రమాణగ్రంథమైనది. ఆ తరమువారికి ఎలుగు వినోదపు వేట. తోలుకును, కథకును పనికివచ్చు జంతువు. ప్రభుత్వమునకు అది ఒక పట్టికలోని వరుస. 1870ల నుండి క్రూరమృగములచేతను, పాములచేతను మరణించినవారి సంఖ్యయు, చంపబడిన మృగముల సంఖ్యయు, అందులకై ఇచ్చిన బహుమానముల మొత్తమును ఏటేట ప్రకటింపబడుచుండెను. పులి, చిఱుత, తోడేలు, ఎలుగు అన్నియు ఆ పట్టికలో ప్రక్కప్రక్కన నిలిచినవి. మృగమును చంపినచో ఆపద తొలగునన్నది ఆ లెక్కల వెనుకనున్న విశ్వాసము. బహుమానము పొందుటకు తలను చూపవలెను. గాయపడిన మనుష్యుని ముఖమును చూపినవారికి ఆ పట్టికలో చోటు లేదు.

ఈ కథకు కీలకము ఇప్పచెట్టు. ఇప్పపూవు ఫాల్గుణ చైత్రములలో విరియును. రాత్రి అంతయు రాలి, తెల్లవారునప్పటికి చెట్టు క్రింద పరచుకొనును. మధ్యభారతపు పేదకుటుంబమునకు అది ఆహారము, పశువులకు మేత, సారాకు ముడిపదార్థము. అన్నింటికి మించి, పంటలు లేని కాలమున చేతికి వచ్చు రొక్కము. పొద్దెక్కినచో పూలు వాడును, ఇతరులు ఏరుకొని పోవుదురు, మేకలు తినిపోవును. కాబట్టి స్త్రీలు, ముసలివారు, పిల్లలు చీకటితోనే బుట్టలు పట్టుకొని చెట్ల క్రిందికి పోవుదురు. తీపివాసన పసిగట్టిన ఎలుగు రాత్రియంతయు అదే చెట్టు క్రింద నుండును. రెండు ఆకలులు కలిసికొను స్థలము అది. కలిసికొను గడియ బ్రాహ్మీముహూర్తము. వంగి పూలేరు మనిషి తలయెత్తి చూడడు. తల వంచి పూలు మేయు ఎలుగును చూడదు.

వేసవి గడచి వానకాలము వచ్చినను ప్రమాదము తీరదు. పొదలు దట్టమగును, పెరటి దొడ్డిలోని మొక్కజొన్న ఏపుగ పెరుగును. పుట్టగొడుగులకు, వంటచెఱకునకు, బహిర్భూమికి మనుష్యులు పొదలవైపు పోవుదురు. అదే పచ్చదనము చాటున ఎలుగు ఇంటి పెరటివరకు వచ్చును.

ఈ విషయములు ఊహలుగా మిగులక లెక్కలలోనికి వచ్చుట ఇరువదవ శతాబ్దపు చివరి దశకముననే జరిగినది. ఛత్తీస్‌గఢ్ ఇంకను మధ్యప్రదేశమున భాగమైయుండగా, 1989 ఏప్రిలునుండి 1994 మార్చి వరకు ఐదేండ్లలో ఆ రాష్ట్రమున మనుష్యులపై ఎలుగుబంట్ల దాడులు 735 జరిగినట్లును, 48 మంది మరణించినట్లును పరిశోధకులు తేల్చిరి. తరువాత ఉత్తర బిలాసపుర అటవీ విభాగమునందే ప్రత్యేకముగా పరిశోధన సాగినది. 1998 ఏప్రిలునుండి 2000 డిసెంబరు వరకు మూడేండ్లు నిండని కాలములో ఆ ఒక్క విభాగమున 137 మంది ఎలుగుబంట్లచే గాయపడిరి. వారిలో 11 మంది మరణించిరి. దాడులలో అధికభాగము తెల్లవారుజామున నాలుగు మొదలు ఎనిమిది వరకును, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వరకును జరిగినవి. స్థలములు నట్టడవులు కావు. ఇంటి పెరళ్ళు, పంటపొలములు, ఊరినానుకొనియున్న అడవి అంచులు. దాడిచేసినది దాదాపు ప్రతిచోట ఒంటరి జంతువే.

ఈ లెక్కలలో ఒక వివరము మనస్సును కలచును. దాడికి గురియైనవారిలో పండ్రెండుగురికొకరు మరణింపగా, తక్కినవారు బ్రతికిరి. కన్ను పోయినవారు, ముక్కు తెగినవారు, దవుడ విఱిగి నమలలేనివారు, చేయి పనిచేయక కూలికి దూరమైనవారు వారిలో ఉందురు. పెండ్లి కావలసిన ఆడుపిల్లకు ముఖమున గోళ్ళగాటు ఏమి చేయునో ఆ పల్లెలవారికి చెప్పనక్కఱలేదు. దగ్గఱ పెద్ద ఆసుపత్రి బిలాసపురమున ఉన్నది. మర్వాహినుండి అచటికి నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒకనాడు స్లీపరు దుంగలను మోసికొనిపోయిన రైలుదారి ఇట్టివారికి ఆసుపత్రి త్రోవయైనది.

శాసనములు మారినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో బహుమానములకును, వినోదపు వేటకును కాలము చెల్లినది. పిమ్మట ఎలుగునకు ఆ చట్టపు మొదటి పట్టికలో చోటు లభించి, పులితో సమానమైన రక్షణ కలిగినది. 1975లో బిలాసపురమునకు వాయవ్యమున అచానక్‌మార్ అభయారణ్యము వెలసి, 2009లో పులుల రిజర్వు అయినది. 1998లో కేంద్రప్రభుత్వము ఎలుగుబంట్లు మొదలగు జంతువులను ఆటలకై శిక్షించి ప్రదర్శించుటను నిషేధించినది. ముక్కునకు త్రాడు వేసి ఎలుగును వీధులలో ఆడించుటయు, భయము పోవునని పసిపిల్లలను దాని వీపుపై ఎక్కించుటయు, వెంట్రుకను తాయెత్తులో పెట్టుటయు తెలుగు ఊళ్ళలో పెద్దవారెఱిగిన దృశ్యములు. 2009 నాటికి ఆ వృత్తి దేశమున ముగిసినది. వీధిలోని ఎలుగు పోయినది. పెరటిలోని ఎలుగు మాత్రము అట్లే ఉన్నది.

ఏలయనగా, ఎలుగుబంట్లు ఎక్కువగా ఇబ్బందిపెట్టు మర్వాహి, పెండ్రా ప్రాంతములు అభయారణ్యపు గీతకు వెలుపల ఉన్నవి. 2020 ఫిబ్రవరి 10న ఈ సీమ బిలాసపుర జిల్లానుండి విడివడి గౌరేలా-పెండ్రా-మర్వాహి జిల్లాగా ఏర్పడినది. ఎలుగుబంట్ల సీమగా మర్వాహికి దేశమంతట పేరు వచ్చినది. అరుదుగా తెల్లని ఎలుగులును అచట కానవచ్చినవి. బిలాసపురమునకు చేరువనున్న కానన్ పెండారీ జంతుశాలకు వచ్చు పట్టణవాసులు తెల్ల ఎలుగును చూచి ఆశ్చర్యపడుదురు. మర్వాహి రైతునకు అది తెల్లనిదైన నేమి, నల్లనిదైన నేమి? చీకటిలో అన్నియు ఒకటే.

రాష్ట్ర అటవీశాఖ ఎలుగుబంట్లకై పండ్లచెట్లు నాటించి, నీటి వసతి కల్పించి, వానిని అడవిలోనే నిలుపవలెనని చేసిన యోజనకు జామవంతుని పేరు పెట్టినది. ఆ పేరు సముచితము. రామాయణమున జాంబవంతుడు యుద్ధవీరుడగుటకంటె ముందు మంత్రాంగము తెలిసిన వృద్ధుడు. సముద్రపు టొడ్డున హనుమంతునకు అతని బలమును గుర్తుచేసినది ఆయన వాక్కే. భాగవతమున శ్యమంతకమణికై శ్రీకృష్ణుడు గుహ ప్రవేశించినప్పుడు, వచ్చినవాడెవడో ఎఱుగక జాంబవంతుడు ఇరువదియెనిమిది దినములు పోరాడెను. ఎదుటివానిని గుర్తెఱిగినంతనే పోరు మాని మణిని, కూతురును అర్పించెను. గుర్తెఱుంగకపోవుటవలన పోరు పుట్టినదని పురాణకారుడు చెప్పినది నేటి పరిశోధకుల మాటకు దూరము కాదు.

ఎలుగునకును మనిషికిని నడుమ వైరమే కాక వేఱొక సంబంధమునకును ఛత్తీస్‌గఢ్‌లో నిదర్శనము కలదు. విజయనగరమునుండి రాయపురమునకు పోవు దారిలో బాగ్‌బాహరా స్టేషనున్నది. దానికి చేరువనే ఘుంచాపాలి కొండపై చండీమాత ఆలయమునకు సాయంకాలపు వేళ అడవి ఎలుగుబంట్లు వచ్చి భక్తులిచ్చు ప్రసాదమును తినిపోవుచుండును. ప్రజలు దానిని అమ్మవారి మహిమగా భావింతురు. అయితే అదే మహాసముంద్ జిల్లాలో 2016 మార్చిలో ఒక ఎలుగు ముగ్గురిని చంపినది. వారిలో ఒకరు అటవీశాఖ ఉద్యోగి. చివరకు ఆ జంతువును కాల్చి చంపవలసివచ్చినది. మనిషి చేతిముద్దకు అలవడిన అడవిజంతువు మనిషికి మిత్రుడగునని తలచుట ప్రమాదకరము. భక్తి వేఱు, పొరుగు మర్యాద వేఱు.

బిలాసపురపు తెలుగువారి పూర్వుల గ్రామములకును ఈ ఎలుగు క్రొత్త కాదు. శ్రీకాకుళపు ఉద్దానములో జీడిమామిడి తోటలనడుమ ఎలుగుబంట్లు తిరుగుచుండును. 2018 జూనులో సోంపేట మండలమున భార్యాభర్తలు దాని దాడిలో మరణింపగా, ఆగ్రహించిన జనము దానిని చంపిరి. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలపు కిడిసింగి వద్ద ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. పట్టుబడిన ఆ జంతువును విశాఖకు తరలించుచుండగా అదియు మరణించినది. ఇప్పకు బదులు జీడిమామిడి. తక్కిన కథ అంతయు ఒకటే.

దేశాంతరమున జపానులో ఇట్టి సమస్యయే వేఱు కారణమున పుట్టినది. అచటి ప్రధానద్వీపమున నల్లఎలుగులు పర్వతారణ్యములలో నివసించును. బీచి, ఓకు చెట్ల కాయలు సరిగా కాయని యేడు అవి పల్లెలకు దిగివచ్చును. పల్లెలలో యువకులు నగరములకు పోగా వృద్ధులే మిగిలిరి. కోయువారులేక పెరళ్ళలో పండిన పండ్లు చెట్లకే ఉండును. బీడుపడిన పొలములు అడవికిని ఊరికిని వంతెనయైనవి. 2023 ఏప్రిలుతో ఆరంభమైన సంవత్సరములో ఆ దేశమున 219 మంది ఎలుగుబంట్ల బారినపడిరి, ఆఱుగురు మరణించిరి. జపానులో మనిషి వెనుకకు తగ్గగా ఎలుగు ముందుకు వచ్చినది. మర్వాహిలో మనిషి ముందుకు వచ్చి ఎలుగును చుట్టుముట్టినాడు. ఉభయత్ర చెదరిపోయినది నడిమి ఎల్లయే. ధనిక దేశమైనను, తుపాకులున్నను, యంత్రములున్నను జపాను ఆ ఎల్లను సులభముగ తిరిగి గీయలేకపోయినది. కొండదారులలో నడచువారు అచట నడుమునకు చిన్న గంట కట్టుకొందురు. గంట మ్రోగినచో ఎలుగు ముందుగానే తప్పుకొనునని వారి అనుభవము.

రక్షణోపాయములలో అన్నింటికంటె చౌకయైనది, పాతది అదియే. అడవిపల్లెల స్త్రీలు పూలేరబోవునప్పుడు గుంపుగా, మాటలాడుకొనుచు, పాడుకొనుచు పోవుట కేవలము వేడుక కొఱకు కాదు. శాస్త్రజ్ఞులు నేడు చెప్పు సూత్రములు ఆ వాడుకకు వ్యాఖ్యానములవంటివి. ఒంటరిగా పోరాదు. వెలుగు పూర్తిగా రాకముందు చెట్టు క్రిందికి పోరాదు. రాత్రి దీపము, కఱ్ఱ లేక పెరటిలోనికి అడుగిడరాదు. ఇంటిచుట్టు పొదలను కొట్టివేయవలెను. గుహలున్న గుట్టలకు చలికాలమున దూరముగ నుండవలెను. పిల్లలతోనున్న తల్లి ఎలుగును చూచినచో వెనుకకు మెల్లగా తప్పుకొనవలెను. పరుగెత్తరాదు. జనము గుమికూడి ఎలుగును చుట్టుముట్టి రాళ్ళు రువ్వుట అన్నింటికంటె అపాయకరము. త్రోవ దొరకని జంతువు మీదికి దూకును.

తెలుగు పిల్లలు బడిలో చదువుకొన్న కథ ఒకటి కలదు. ఇద్దఱు స్నేహితులు అడవిలో పోవుచుండగా ఎలుగు ఎదురగుట, ఒకడు చెట్టెక్కుట, మఱొకడు ఊపిరి బిగబట్టి శవమువలె పడియుండుట. గ్రీకుదేశపు నీతికథ అది. ఎలుగు చెట్టెక్కగలదు గనుక మొదటివాని యుపాయము ఇచట చెల్లదు. రెండవవాని యుపాయము సగము మాత్రమే నిజము. మీదికి వచ్చిన ఎలుగును తప్పించుకొను మార్గము లేనప్పుడు బోర్ల పడుకొని, ముఖమును నేలకానించి, రెండు చేతులు మెడవెనుక పెనవేసికొని కదలక యుండుట మేలని నిపుణుల ఉపదేశము. వెల్లకిల పడినవాని ముఖము దాని గోళ్ళకు అందును. బోర్ల పడినవాని కన్నులు దక్కును. ఈ చిన్న భేదము బడిపుస్తకములోనే చేరినచో కొందఱి కన్నులైనను మిగులును.

అయినను ఉపదేశముతోనే పని తీరదు. తెల్లవారకముందు అడవికి పోవద్దని చెప్పుట సులభము. పొద్దెక్కువరకు ఆగినచో తన చెట్టు క్రింది పూలు తనకు దక్కునని ఆమెకు హామీ యిచ్చువారు ఎవరు? ఇప్పచెట్లను కుటుంబములకు ఏర్పఱచి, వేళను ఊరంతయు కలిసి నిర్ణయించి, ఏరిన పూలకు న్యాయమైన ధర యిచ్చినచో ఆ గంటసేపు ఆగుటకు ఆమెకు ధైర్యము కలుగును. ఇంటిలో మరుగుదొడ్డియు, నీళ్ళును ఉన్నచో చీకటిలో పొదలకు పోనక్కఱలేదు. గాయపడిన తరువాత ఇచ్చు పరిహారముకంటె గాయపడక పూర్వము ఇచ్చు ఈ గంట విలువైనది. ఎలుగునకు కావలసినది కూడ అంతియే. తిని తన గుట్టకు మఱలిపోవుటకు కొంత చీకటి, కొంత త్రోవ.

తెలుగు నిఘంటువులలో ఎలుగు అను మాటకు భల్లూకమనియే కాక కంఠధ్వని యనియు అర్థము కలదు. ఎలుగెత్తుట యనగా గొంతెత్తి పలుకుట. ఈ రెండు మాటలకు మూలమున సంబంధమున్నను లేకున్నను, అడవిపల్లెలో అవి ఒకదానికొకటి ఉపకరించుచున్నవి. ఇప్పచెట్టు వైపు పోవు గుంపులో ఒక స్త్రీ గొంతెత్తి పాడినచో, చెట్టు క్రింద తల వంచుకొనియున్న నల్లని ఆకారము చెవి నిక్కించి, బుసకొట్టి, గుట్టవైపు నడచిపోవును. బంగాళ-నాగపూర్ రైల్వే రాకపూర్వము అచట అట్లే జరుగుచుండెను. ఇకముందును అట్లే జరుగవలెనన్నచో, గొంతెత్తి పాడుటకు తగిన వెలుగు వచ్చువరకు వేచియుండుటకు ఆ గుంపునకు కడుపులో కొంత అన్నము ఉండవలెను.